దసరా మాల్ (సరుకు) ఎంత దింపాలె? బజారు మందంగున్న యేడు కొనుగోలు, రాయితీ, ఉద్దెర (అప్పు) లెక్కలు

పోచమ్మమైదాన్ దుకాణం
అందరికీ నమస్తే. చీరలు 60 శాతం, ఆడపిల్లల డ్రెస్సులు, పిల్లల రెడీమేడ్ కలిపి 40 శాతం ఉండే మధ్యరకం దుకాణానికి సంబంధించిన ప్రశ్న. పోయిన పెత్రమాస (పితృ అమావాస్య) నుంచి దీపావళి దాకా అమ్మకం 30 లక్షలు. ఇప్పుడు లోపల ఉన్న మాల్ కొనుగోలు ధరల మీద 9 లక్షలు, దాంట్ల 2 లక్షలది కదలని సరుకు. ఇంకో 3 లక్షల మాల్‌కు ఇప్పటికే ఆర్డరు పోయింది. వరంగల్ చౌరస్తా, హన్మకొండ చౌరస్తా రెండు దిక్కులా గిరాకి పల్చగనే ఉన్నది. సూరత్ ఏజెంటేమో ఆషాఢంలోనే మొత్తం బుక్ చేస్తే 3 శాతం ఎక్కువ తగ్గిస్తమంటున్నడు.

అడిగేవి మూడు. మాల్ ఎంత కొనాలె? రాయితీ బోర్డు పెట్టాలెనా, పెడితే ఎంత? ఊర్ల ఖాతాలకు ఈసారి ఉద్దెర ఇయ్యాలెనా?

లెక్కల పంతులు
మొదటిదానికి అంచనాతో కాదు, తీసివేతతో జవాబు వస్తుంది.

ఈసారి 15 శాతం తగ్గుతుందనుకోండి. 30 లక్షలు 25.5 లక్షలవుతాయి. మీ స్థూల లాభం అమ్మకం మీద 30 శాతం అనుకుంటే, ఆ అమ్మకానికి కావలసిన సరుకు కొనుగోలు ధరలో 17.85 లక్షలు. దీపావళి తర్వాత కార్తీకం పెళ్లిళ్లకు చేతిలో 6 లక్షల మాల్ మిగలాలి. రెండూ కలిపితే 23.85. ఇందులోంచి ఉన్న సరుకు తీసేయాలి. అయితే 9 లక్షలు కాదు, 7 లక్షలే తీయాలి. కదలని 2 లక్షలది మాల్ కిందికి రాదు. మిగిలింది 16.85. ఆర్డరు వెళ్లిన 3 లక్షలు పోతే 13.85 లక్షలు. మీరు ఇంకా కొనగలిగింది అంతే.

దాన్ని కూడా ఒక్కసారి కొనొద్దు. 60 శాతం, అంటే 8.3 లక్షలది ఇప్పుడు. మిగిలిన 5.5 లక్షలు చేతిలో ఆపుకుని, బతుకమ్మ ముందు ఏది కదులుతుందో చూసి దానికే పెట్టాలి. ఏజెంటు ఇస్తానన్న 3 శాతం ఆ 5.5 లక్షల మీద 16,500 రూపాయలు. అందులో లక్ష రూపాయల సరుకు తప్పు రంగుల్లో పడి 30 శాతం నష్టానికి తెగనమ్మాల్సి వస్తే 30,000 పోతుంది. మందంగా ఉన్న ఏడు చేతిలో నగదు ఉండటమే పెద్ద రాయితీ.

బట్టలబజార్ పాతకాపు
పంతులు గారి లెక్క సక్కగున్నది. కని 15 శాతం అన్నిట్ల సమానంగ తగ్గదు తమ్మీ, అక్కడనే చాలామంది దెబ్బ తింటరు.

పైసలు టైటున్నప్పుడు గిరాకి రాకుండ పోదు, ఒక మెట్టు కిందికి దిగుతది. 1,800 చీర తీసుకునేటామె 1,200 రూపాయలదానికి వస్తది. 1,200 ఆమె 700 లకు వస్తది. 400, 500 చీరలు ఎప్పటోలెనే పోతయి, పెట్టుపోతలకు అవ్వే కావాలె. పైన 6,000, 8,000 పట్టు కొనేటోళ్లు పెండ్లి ఉంటే కొంటరు, లేకుంటే ఏ యేడు కూడా కొనరు. ఖాళీ అయ్యేది 1,500 నుంచి 3,000 నడుమ. మీరు పోయినసారి ఆ నడుమ 40 చీరలు పెట్టి ఉంటే ఈసారి 22, 25కు దింపుండ్రి. 600–1,200 మెట్టును మాత్రం తగ్గించుడు కాదు, పెంచుండ్రి. మొత్తం మీద 15 శాతం కోత అని ప్రతి రకంల 15 శాతం కోస్తే, కావాల్సినవి సద్దుల బతుకమ్మ ముందే అయిపోతయి, అక్కరలేనివి దీపావళి దాక చూస్తయి.

ఇంకోటి. ఇంట్ల ఎవరికి ముందు కొంటరో సూడుండ్రి. పిల్లలకు ముందు, తర్వాత పండుగకు పుట్టింటికొచ్చిన బిడ్డకు, అల్లునికి, ఆ తర్వాత ఇంటామెకు. మొగోళ్ల బట్టలు, ముసలోళ్లవి ఆఖరుకు. కోత ఆఖరు దిక్కు నుంచి మొదలైతది. పిల్లల డ్రెస్సు ఏ కరువు యేడు కూడా ఆగదు. రేటు తగ్గుతది గని పీసు తగ్గదు.

సుబేదారి షోరూమ్
మెట్ల సంగతి ఒప్పుకుంటా. కానీ బోర్డు లేకుండా మనిషి లోపలికి అడుగే పెట్టడం లేదు ఇప్పుడు. పక్క దుకాణం 50 శాతం అని ఫ్లెక్సీ కడితే మనం ఊరికే కూర్చుంటామా? నా సలహా: మొత్తం మీద 20 శాతం పెట్టండి, రష్ వస్తుంది, రష్‌లో మిగతావీ పోతాయి.

లెక్కల పంతులు
సుబేదారి గారూ, 20 శాతం ఖరీదు ఇదీ. పన్ను పక్కన పెట్టి చూడండి. 600కు కొన్న చీర 1,000 ట్యాగు. లాభం 400.
10 శాతం తగ్గిస్తే లాభం 300. పాత లాభమే రావాలంటే 100 చీరల చోట 134 అమ్మాలి.
20 శాతం తగ్గిస్తే లాభం 200. 200 చీరలు అమ్మాలి.
30 శాతం తగ్గిస్తే లాభం 100. 400 అమ్మాలి.
ఇది 40 శాతం లాభం ఉన్న చీర సంగతి. పంచెలు, టవళ్లు, లోపలి బట్టలు 15, 18 శాతం లాభం మీదే నడుస్తాయి కదా, వాటి మీద 20 శాతం బోర్డు పడితే ఇంట్లోంచి ఎదురు డబ్బు తెచ్చి పెట్టాలి. "మొత్తం మీద" అన్న మాటలోనే ఆ ప్రమాదం ఉంది. జనం తగ్గిన ఏడు రెట్టింపు పీసులు ఎవరికి అమ్ముతారు?

సుబేదారి షోరూమ్
సరే, అన్నిటి మీదా వద్దు. మరి బోర్డు మీద ఏం రాయాలి?

బట్టలబజార్ పాతకాపు
శాతం రాయకు, ధర రాయి. "పిల్లల ఫ్రాకులు 349 నుంచి", "బతుకమ్మ చీరలు 599 నుంచి". చేతిల 3,000 పట్టుకొని వచ్చేటామెకు శాతం అక్కరలేదు, ఆ 3,000ల నలుగురికి బట్టలు అయితయా కాదా అన్నదే లెక్క. 599ది బల్ల మీద పైన పెట్టు, పక్కనే 799, 999 ఉండాలె. 599 చీర కూడ మంచిగ ఉండాలె, ఇది యాదికుంచుకో. పల్చటి గుడ్డ పెట్టి పిలిస్తే ఒక్కసారి మోసపోయి మల్ల రారు.

పన్ను పట్టిక
ధర రాసేటప్పుడు జీఎస్టీ కూడా చూసుకోండి. పోయిన ఏడు 2025 సెప్టెంబరు 22 నుంచి, అంటే పెత్రమాస తెల్లారి నుంచే రేట్లు మారాయి. రెడీమేడ్ దుస్తుల్లో పీసు విలువ (పన్ను కలపని ధర) 2,500 దాకా 5 శాతం, దాటితే 18 శాతం. అంతకు ముందు 1,000 దాకా 5, పైన 12 ఉండేది. అంటే 1,000 నుంచి 2,500 దాకా ఉన్న డ్రెస్సుకు లాభం, పైనున్నదానికి దెబ్బ.

పన్ను కలిపి ట్యాగు వేసేవాళ్లు 2,625 దాటి 2,950 లోపు ఏ ధరా పెట్టకండి. ఉదాహరణకు 2,700 పెడితే, 5 శాతంతో విడగొడితే విలువ 2,571 అవుతుంది, అంటే 2,500 దాటింది. 18తో విడగొడితే 2,288 అవుతుంది, అంటే దాటలేదు. లెక్క ఎటూ నిలవదు. 2,625కు అమ్మినా, 2,950కి అమ్మినా మీ చేతికి వచ్చేది అదే 2,500. మధ్యలో తిరిగి లాభం లేదు, తనిఖీలో తలనొప్పి మాత్రం ఉంది.

రాయితీ బిల్లు మీదే చూపిస్తే తగ్గిన విలువ మీదే పన్ను. 3,200 విలువ ఉన్న లెహంగాను బిల్లులో 25 శాతం తగ్గించి 2,400కు ఇస్తే రేటు 5 శాతానికి దిగుతుంది. రాయితీ, 18 నుంచి 5కు దిగిన పన్ను రెండూ కలిసి కొనేవాళ్లకు మొత్తం తేడా 1,256 రూపాయలు వస్తుంది. రాయితీ ఇవ్వదగ్గ సరుకు ఏదైనా ఉంటే అది ఈ గీతకు కొంచెం పైన ఉన్నదే.

సుబేదారి షోరూమ్
అయితే 2,500 దాటిన చీరలకు కూడా 18 పడుతుంది కదా, పట్టు చీరలు ఇంకా ఖరీదవుతాయి.

పన్ను పట్టిక
పడదు. కుట్టని చీర జీఎస్టీలో గుడ్డ కిందికి వస్తుంది, దుస్తుల కిందికి కాదు. 800 చీర అయినా, 12,000 పట్టు అయినా 5 శాతమే. 2,500 గీత కుట్టిన వాటికి: డ్రెస్సులు, లెహంగాలు, షేర్వాణీలు, పిల్లల సూట్లు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో చీరలకు దుస్తుల కోడ్ వేసి పెట్టినవాళ్లు ఉన్నారు. పండుగ ముందే సరిచూసుకోండి, లేకుంటే గిరాకీ దగ్గర ఎక్కువ పన్ను వసూలు చేసినట్టవుతుంది.

ఇంకో రెండు. "ఒకటి కొంటే ఒకటి" అంటే రెండో పీసు బహుమతి కాదు, ఒకే ధరకు రెండు పీసుల అమ్మకం. 2019 మార్చిలో వచ్చిన సర్క్యులరు ఇది తేల్చింది. కొనుగోలు మీద కట్టిన పన్ను జమ, అంటే మీరు కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తగ్గించుకునే వీలు, మీకు దక్కుతుంది. అదే 5,000 కొంటే స్టీలు డబ్బా, గొడుగు ఉచితం అని ఊరికే ఇస్తే, ఆ డబ్బా కొనుగోలు మీద కట్టిన పన్ను జమ తీసుకోవడం కుదరదు. డబ్బా ఇవ్వాలనుకుంటే దాన్ని కూడా బిల్లులో ఒక వరుసగా ధర వేసి కలిపి అమ్మండి. కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారుల తేలిక పన్ను పద్ధతిలో, ఉన్న దుకాణాలకు ఈ జమల గొడవే లేదు. వాళ్లు అమ్మకం మీద 1 శాతం కడతారు, బిల్లు మీద విడిగా పన్ను వసూలు చేయకూడదు, అంతే.

ప్యాకెట్ రెడీమేడ్ మీద ఎమ్మార్పీ తగ్గించి స్టిక్కరు అతికించుకోవచ్చు. కంపెనీ వేసిన పాత ఎమ్మార్పీ మాత్రం కనపడాలి, దాని మీద అతికించకూడదు.

పోచమ్మమైదాన్ దుకాణం
బాగా పనికొచ్చింది సార్. మరి మాల్ ఎప్పుడు దింపాలె? పోయినసారి దసరా అక్టోబరు 2, ఈసారి అధిక జ్యేష్ఠం వచ్చినందుకు అక్టోబరు 20.

బట్టలబజార్ పాతకాపు
అసలు ప్రశ్న ఇదే. పద్దెనిమిది రోజులు జరిగితే గిరాకి మొత్తం మారుతది.

ఆషాఢం జూలై 15 నుంచి ఆగస్టు 12 దాక. కొత్త మాల్ ఇప్పుడు చూపియ్యొద్దు, పాతది తీసే నెల ఇది. ఆగస్టు 13 నుంచి శ్రావణం, వరలక్ష్మి వ్రతాలకు 700–1,500 చీరలు పోతయి. మొదటి లాట్ ఆగస్టు మొదటి వారం లోపల రాక్‌ల ఉండాలె. శ్రావణంల ఏ రంగు, ఏ రేటు పోయిందో అదే దసరాకు నమూనా. దసరా పెద్ద లాట్ సెప్టెంబరు 14 వినాయకచవితి అయిన వారంల దిగాలె. సెప్టెంబరు ఆఖరు వారం నుంచి అక్టోబరు 10 పెత్రమాస దాక పితృ పక్షాలు. బంగారం, బండ్లు ఆగుతయి. బట్టలు కొంచెం మందగిస్తయి గని పిల్లలవి ఆగయి. ఆ తర్వాత సద్దుల దాక ఎనిమిది తొమ్మిది రోజులే, అమ్మకంల సగానికి ఎక్కువ గప్పుడే.

మరిచిపోయేది దర్జీ. సద్దులకు పది రోజుల ముందే జాకెట్లు కుట్టెటోళ్లు కొత్తవి తీసుకునుడు బంద్ చేస్తరు. గప్పటి నుంచి చీర చూసి నచ్చినా "జాకెట్ ఎవరు కుట్టాలె" అని దించేస్తరు. అందుకే అక్టోబరు 8 లోపల చీరలకు జోర్, అటెన్క రెడీమేడ్ జాకెట్లు, కుర్తీలకు జోర్. బంగారు రంగు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు రెడీమేడ్ జాకెట్లు 34 నుంచి 42 సైజుల దాక పెట్టుకుంటే ఆఖరు వారంల చీర కూడ దాని వెనుక పోతది. ఫాల్, పికో మిషనామెను ఇప్పుడే మాట్లాడుకోండ్రి. పూటల ఇస్తమంటే చీర పోతది, నాలుగు రోజులంటే పోదు.

జమ్మికుంట పత్తి
తేదీ మారితే ఊర్ల చేతిలో డబ్బు కూడా మారుతుంది. అక్టోబరు 2 పండుగ అంటే పత్తి ఇంకా చెట్టు మీదే ఉంటుంది, రైతు ఇంట్లో ఉన్నది మందుల దుకాణం బాకీ మాత్రమే. అక్టోబరు 20కి మొదటి ఏరుడు కొంత వస్తుంది. కానీ ఆ డబ్బు మీద ఎక్కువ ఆశ పెట్టకండి. సీసీఐ (కేంద్రం పత్తి కొనుగోలు సంస్థ) తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాకా కోసి ఇస్తుంది, దాటితే తీసుకోదు. మొదటి ఏరుడు పత్తి వానల మధ్య వస్తే 15, 18 తేమ ఉంటుంది. దాన్ని ఎనుమాముల, జమ్మికుంట యార్డుల్లో ప్రైవేటు వ్యాపారికి తక్కువకే ఇస్తారు. సీసీఐకి ఇచ్చినా పైసలు ఖాతాలో పడేసరికి పండుగ దాటుతుంది. వడ్లు ఇంకా ఆలస్యం, నవంబరు మాట. సన్న వడ్లకు రాష్ట్రం ఇచ్చే క్వింటాలు 500 బోనస్ ఇంకా వెనక.

కాబట్టి పత్తి ఊర్ల గిరాకి దసరాకు చిన్న రేటు, దీపావళి నవంబరు 8 తర్వాత పెళ్లిళ్లకు పెద్ద రేటు. మిర్చి ఊర్లు వేరు: వాళ్ల డబ్బు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. నర్సంపేట, పరకాల దిక్కు ఖాతాలు ఉంటే ఏ ఊరు ఏ పంట మీద బతుకుతుందో పుస్తకంలో పక్కన రాసుకోండి.

గోదావరిఖని గిరాకి
మా దగ్గర లెక్క పంట కాదు, లాభాల వాటా. సింగరేణి దసరా ముందు కార్మికులకు లాభాల్లో వాటా ఇస్తది. 2025లో 34 శాతం ప్రకటించిండ్రు, మొత్తం 819 కోట్లు. పర్మినెంటు కార్మికునికి సగటున లక్షా 95 వేలు దాటింది. కాంట్రాక్టు కార్మికులకు 5,500. దీపావళి బోనస్ వేరే.

కని లక్షా 95 వేలు వచ్చినయని లక్షా 95 వేల బజారు జరగదు. ముందు చిట్టీలు, చేబదులు తీరుతయి, తర్వాత బంగారం, బండి, పిల్లల ఫీజు. బట్టలకు మిగిలింది. అది కూడ డబ్బు పడ్డ మూడు నాలుగు రోజులల్లనే. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి, మంచిర్యాల దుకాణాలు ఆ తేదీ ప్రకటించేదాక 2,000 పైన మాల్ ఓపెన్ చేయొద్దు, ప్రకటించిన తెల్లారి ముందు వరసల పెట్టాలె. కాంట్రాక్టు కార్మికుల ఇండ్లు వేరే గిరాకి, ఆళ్లకు 349, 599 బల్లనే.

మెట్‌పల్లి కంగన్‌హాల్
జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ దిక్కు గల్ఫ్ పైసలు నెల మొదటి పది రోజుల్లో వస్తయి. అక్టోబరు 20 పండుగ అంటే ఆ పైసలు పక్షాల్లోనే వచ్చి పడతయి, పండుగ నాటికి సగం ఖర్చయితయి. అందుకే అక్టోబరు 1 నుంచి 7 నడుమ "ఇప్పుడే తీసి పెట్టుకోండి, 500 కట్టండి, పెత్రమాస తెల్లారి తీసుకపోండి" అని చెప్పుండ్రి. పేరు, ఫోన్ నెంబరు, కట్టినది, మిగిలినది రాసి సంచికి పిన్ను పెట్టుండ్రి. ఎంతకాలం ఆపుతమో కూడ చీటీ మీద ఉండాలె, లేకుంటే దీపావళి దాక సంచులే ఉంటయి.

గాజులు, బొట్టుబిళ్లలు, క్లిప్పుల సంగతి: మందం యేడు ఇవి తగ్గవు. చీర ఒక మెట్టు దిగినామె 120 రూపాయల గాజులు రెండు జతలు తీసుకుంటది. చీరల దుకాణంలో కౌంటరు పక్కన గాజుల స్టాండు పెట్టుకోనోళ్లు ఇంకా ఉన్నరంటే నాకు ఆశ్చర్యమే.

కామర్స్ లెక్చరర్
మెట్‌పల్లి వాళ్లు చెప్పిన పద్ధతిని అమెరికాలో లేఅవే అంటారు. దాదాపు పోయిన ఆ పద్ధతిని 2008 మాంద్యంలో సియర్స్ దుకాణాలు క్రిస్మస్ ముందు మళ్లీ తెచ్చాయి. ఆ ఏడు నవంబరులోనే సర్క్యూట్ సిటీ దివాలా అర్జీ పెట్టింది. శాక్స్ అనే ఖరీదైన దుకాణాల సంస్థ థ్యాంక్స్‌గివింగ్‌కు ముందే పేరున్న బ్రాండ్ల మీద 70 శాతం దాకా కోసింది. సరుకు పోయింది, కానీ కొనేవాళ్లు ఒక పాఠం నేర్చుకున్నారు: ఆగితే ఇంకా తగ్గుతుంది. 2009లో చాలా సంస్థలు దారి మార్చి, రాయితీ పెంచే బదులు ముందే తక్కువ సరుకు తెప్పించుకున్నాయి. పంతులు గారు పైన చేసిన తీసివేత అదే.

మనకు వర్తించేది ఒక్కటే. పండుగకు ముందు వారం వారం రాయితీ పెంచుకుంటూ పోకండి. 10 అన్నది 20 అయితే, 10కి కొన్నామె తిరిగొచ్చి గొడవ పెట్టుకుంటుంది, కొననామె 30 కోసం ఆగుతుంది. అమెరికాలో క్రిస్మస్ తర్వాత రోజున కూడా దుకాణం నిండుతుంది. మనకు సద్దులు అయిన తెల్లారి బతుకమ్మ చీరను చూసేవాళ్లు ఉండరు.

సుబేదారి షోరూమ్
ఇది ఒప్పుకుంటా. టీవీలు, ఫ్రిజ్‌ల వైపు కూడా ఇదే. పోయిన సెప్టెంబరులో 32 అంగుళాల పైన టీవీలు, ఏసీలు 28 నుంచి 18 శాతానికి వచ్చినప్పుడు, ఆ కబురు బయటికి వచ్చిన రోజు నుంచి 22వ తేదీ దాకా కొనుడే ఆగిపోయింది. తగ్గుతుందని తెలిస్తే ఎవరూ కొనరు.

"జీరో వడ్డీ ఈఎంఐ" అడిగేవాళ్లకు ముందే చెప్పండి: క్రెడిట్ కార్డు అయితే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు బ్యాంకు వేస్తుంది. చెప్పకుండా అమ్మితే స్టేట్‌మెంటు రాగానే మన దుకాణం మీదికే వస్తారు.

పోచమ్మమైదాన్ దుకాణం
ఉద్దెర సంగతి ఎవరూ చెప్పలే.

లెక్కల పంతులు
ఉద్దెరకు ఖరీదు కట్టి చూడండి. 3,000 అమ్మకంలో మీ కొనుగోలు 2,100, లాభం 900. బయట డబ్బు నూటికి 2 రూపాయల వడ్డీ అనుకుంటే, 2,100 మీద నెలకు 42. పత్తి డబ్బు వచ్చి జనవరికి తీరితే మూడు నెలలకు 126, పర్వాలేదు. మిర్చి దాకా, అంటే ఏప్రిల్‌కు పోతే ఆరు నెలలు, 252. ఏడాది తిరిగితే 504, లాభంలో సగం కన్నా ఎక్కువ. పది ఖాతాల్లో మూడు పూర్తిగా మునిగితే 6,300 పోతుంది, మిగిలిన ఏడింటి లాభం కూడా 6,300. అంటే ఊరికే పని చేసినట్టు.

కాబట్టి పాత బాకీ సున్నా అయిన ఖాతాకే కొత్త ఉద్దెర, ఇంటికి 3,000 గరిష్ఠం, మూడో వంతు నగదు చేతిలో పడాలి. బాకీ అడిగే పని సెప్టెంబరులోనే చేయండి. దసరా ముందు అడిగితే మనిషి పక్క దుకాణానికి పోతాడు.

మీరు తెచ్చుకునే ఉద్దెరకు కూడా గడువు ఉంది. సూరత్ సరుకు డబ్బు 180 రోజుల్లో కట్టకపోతే తీసుకున్న జీఎస్టీ జమ వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. అమ్మినవాడు ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న తయారీదారు అయితే, ఒప్పందం రాసుకుంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, లేకుంటే 15. గడువు దాటిన బాకీ మార్చి 31కి మిగిలితే ఆ ఖర్చు ఆ ఏడు ఆదాయపు పన్నులో చెల్లదు. కేవలం కొని అమ్మే వ్యాపారి దగ్గర తెస్తే ఈ రెండో నిబంధన వర్తించదు. అందుకని బిల్లు మీద మిల్లు పేరుందా, ట్రేడరు పేరుందా చూడండి.

గోదావరిఖని గిరాకి
ఉద్దెరకు బదులు నెలకు 500 కట్టించుకుని లక్కీ డ్రా స్కీము నడుపుతే? చాలా ఊర్లల్ల నడుస్తున్నయి.

పన్ను పట్టిక
వద్దు. నెల నెలా కట్టించుకుని, డ్రాలో పేరు వచ్చినవాళ్లు మిగతా వాయిదాలు కట్టనక్కర లేదు అనే పద్ధతి 1978 ప్రైజ్ చిట్స్ నిషేధ చట్టం కింద నిషేధం. కట్టినవాళ్లందరికీ కట్టినంతకు సరుకు ఇచ్చినా డ్రా భాగం అలాగే ఉంటుంది. డ్రా లేకుండా ముందుగా డబ్బు తీసుకుని, చెప్పిన తేదీకి సరుకు ఇవ్వడం మామూలు వ్యాపార అడ్వాన్సు. సరుకు ఇవ్వలేకపోతే మాత్రం డబ్బు 15 రోజుల లోపు తిరిగి ఇచ్చేయాలి, లేదంటే అది డిపాజిటు లెక్కలోకి పోతుంది. మెట్‌పల్లి వాళ్ల సంచి పద్ధతి దీంట్లోకే వస్తుంది, భయం లేదు.

పోచమ్మమైదాన్ దుకాణం
చివరిగా రెండు. ఆ 2 లక్షల కదలని సరుకు ఏం చేయాలె? ఆపుకున్న 5.5 లక్షలకు మాల్ ఎక్కడ తేవాలె, సూరత్ నుంచి టైముకు వస్తదా?

బట్టలబజార్ పాతకాపు
కదలనిది ఆషాఢంలనే పోవాలె, దసరా బల్ల మీద దాని నీడ కూడ పడొద్దు. అది కూడ ముందు విడదీయి. రంగు తప్పినయి వేరే, నలుపు, గోధుమ, బూడిద. బతుకమ్మకు అవి ఎవ్వరు కట్టరు, ఆఫీసు పోయేటోళ్లకు జనవరిల ఉన్న రేటుకే పోతయి, కొయ్యకు. డిజైను పాతవడ్డయి రెండు చీరల జత చేసి కొన్న రేటుకు ఇచ్చెయ్. మడతల కాడ రంగు దిగినయి, జరీ నల్లబడ్డయి జాకెట్ ముక్కలు, లంగాల కింద కోసి అమ్ము. కొన్న రేటు రాదని పట్టుకొని కూసోకు. 2 లక్షలది లక్షా 20 వేలకు పోయినా, ఆ లక్షా 20 వేలతోని 599 బల్ల నిండుతది, దసరాల రెండుసార్లు తిరుగుతది.

రెండోది: సూరత్ పార్సెల్ మామూలుగ వారం, పండుగ ముందు ఇంకా ఎక్కువ. అక్టోబరు 1 అటెన్క సూరత్ ఆర్డరు దసరాకు అందదు. ఆపుకున్న పైసలు హైదరాబాద్‌కు: మదీనా, పత్తర్‌గట్టి, బేగంబజార్. పీసుకు 20, 40 ఎక్కువ పడతది. కని పొద్దుగాల పోయి రాత్రికి మాల్ దుకాణంల ఉంటది, సెట్టు మొత్తం తీసుకోవాలన్న జబర్దస్తీ కూడ తక్కువ. సూరత్ సెట్టుల ఆరు, ఎనిమిది రంగులు వస్తే రెండు రంగులు మిగులుడు ఖాయం, ఆ మిగిలిన రెండింటి ధర కలుపుకుంటే హైదరాబాదే సస్త.

కార్తీకం పెండ్లిళ్ల మాల్‌కు మాత్రం సూరతే. దీపావళి కాడికెళ్లి లాభ పంచమి (కార్తీక శుద్ధ పంచమి) దాక అక్కడ మార్కెట్ బంద్ ఉంటది. ఆ ఆర్డరు అక్టోబరు 20 లోపలనే పోవాలె, దసరా గల్లా లెక్క చూసుకోకముందే.

మెట్‌పల్లి కంగన్‌హాల్
సద్దుల సాయంత్రం ఒక్క ఫోన్‌పే స్కానర్ మీద ఆధారపడకుండ్రి, సర్వర్ పడితే లైన్ మొత్తం ఆగుతది. రెండు వేరే బ్యాంకుల స్కానర్లు, గల్లాల 4,000 చిల్లర. 10, 20 నోట్లు ఇప్పటి నుంచే పక్కన పెట్టుండ్రి, ఆ వారం బ్యాంకుల దొరకవు.

పోచమ్మమైదాన్ దుకాణం
ఏజెంటుకు 8.3 లక్షల ఆర్డరే చెప్తున్న. 3 శాతం ఆ మేరకు ఇస్తవా అని అడుగుత, లేకుంటే 2. సెట్టుల రంగులు ముందే ఫోటోల పెట్టమంట.

బట్టలబజార్ పాతకాపు
ఫోటో కాదు తమ్మీ, ఒక్కో రంగు ఒక్క పీసు నమూనా పంపమను. ఫోన్‌ల పసుపు వచ్చేది దుకాణంల ఆవాల రంగు అయితది.